వెరీ యను మాట: సత్యమునకుఁ బట్టిన గతి



ఆంగ్లభాష నెఱుఁగనివారి నోట సైతము నిత్యము వినఁబడు ఆంగ్లపదములలో వెరీ యనునది యొకటి. బిడ్డ పలక మీఁద అక్షరము చక్కఁగా దిద్దినచో వెరీ గుడ్ అందుము. పెండ్లిపందిరి బాగున్నచో వెరీ నైస్ అందుము. రైలు జాగు చేసినచో వెరీ లేట్. కాలు తొక్కితిమేని వెరీ సారీ. ఈ మాటకు అర్థ మేమని యడిగినచో ఐదవ తరగతి బాలుఁడు కూడఁ దడుముకొనక ‘చాలా’ యని బదులు చెప్పును. నిఘంటువును దెఱచినచో మిక్కిలి, బహు, కడు అని యుండును. ఈ యర్థము తప్పు కాదు. కాని యీ మాట ఆంగ్లభూమిలో నడుగిడిన నాఁడు దీని కీ యర్థము లేదు. నాఁ డిది విశేషణము. ‘సత్యమైన’ యని దీని యర్థము. సత్యమను నర్థము గల మాట చాలా యను నర్థము గల మాటగా నెట్లు మాఱినది? ఆ మార్పువలన దానికిఁ గలిగిన లాభ మేమి, నష్ట మేమి? ఇది నేఁటి ప్రసంగమునకు విషయము.

పదముల పుట్టుకను వెదకుట మనకుఁ గ్రొత్త విద్య కాదు. క్రీస్తునకుఁ బూర్వమే యాస్కుఁడు నిరుక్తమును రచించెను. పదమును విడఁదీయుటకు ముందు దాని యర్థమును దృఢముగాఁ బట్టుకొని పరీక్షింపవలయు నని యాయన మతము. ఆధునికులు దీనికి మఱి రెండు కట్టుబాట్లను జేర్చిరి. ధ్వనులు తరము నుండి తరమునకు మాఱుటలో నొక క్రమ మున్నది. ఆ క్రమమునకు లోఁబడని పోలికను నమ్మరాదు. ఇఁక రెండవది: ఏ మాట ఏ యర్థమున ఏ కాలమున వ్రాఁతకెక్కినదో సాక్ష్యము చూపవలయును. ఈ రెండవ నియమమునకు ఆక్స్‌ఫర్డు నిఘంటువును మించిన యుదాహరణము లేదు. 1884లో మొదటి భాగము వెలువడిన యా గ్రంథము 1928 దాఁక ముగియలేదు. సంపాదకులలో ముఖ్యుఁడైన జేమ్సు మర్రే 1915లోనే కన్నుమూసెను. ఎందఱో చదువరులు ప్రాఁత గ్రంథములను గాలించి, మాట కనఁబడిన తావును చీటీల మీఁద నెత్తి వ్రాసి పంపఁగా, ఆ చీటీలను కాలక్రమమునఁ బేర్చి యొక్కొక్క పదమునకు జాతకము వ్రాసిరి. మన జాతకములు జరుగఁబోవునది చెప్పును. ఇవి జరిగినదానినే చెప్పును గనుకఁ దప్పుట యరుదు.

ఈ కట్టుబాట్లు లేనిచో ఏమగునో చూడుఁడు. వెరీ యనఁగానే తెలుఁగువానికి వెఱ్ఱి తలఁపునకు వచ్చును. వెఱ్ఱి ప్రేమ, వెఱ్ఱి వ్యామోహము అనునప్పుడు వెఱ్ఱికి ‘హద్దులేని’ యను భావము కూడఁ గలదు. ధ్వని కలిసినది, భావము కలిసినది. ఇఁక రెండును ఒక్కటియే యని తీర్పు చెప్పుటకు జంకెందుకు? సంస్కృతాభిమాని వర శబ్దమునో వీర శబ్దమునో తెచ్చి యతికించును. వినుటకు సొంపుగా నుండును. సభలోఁ జప్పట్లు కూడఁ బడును. సాక్ష్యము మాత్ర మించుకయు లేదు. ఇట్టి నిరుక్తులను వినోదమునకు వినవచ్చును. పిల్లలకు మాత్రము బోధింపరాదు.

వెరీ యొక్క మూలము లాటినుభాషలో నున్నది. ఆ భాషలో వేరుస్ అనఁగా సత్యమైన. వేరాక్స్ అనఁగా సత్యము పలుకునట్టి. ఈ రెండవదాని నుండి జనుల వాడుకలో నొక రూపము పుట్టి, అది ప్రాచీన ఫ్రెంచిభాషలో వెరాయి యయ్యెను. నేఁటి ఫ్రెంచిలో నదియే వ్రే. అక్కడ దాని యర్థము మాఱలేదు. ఫ్రెంచివానికి నేఁటికిని వ్రే యనఁగా నిజమైన యనియే. సముద్రము దాఁటి యింగ్లండునకుఁ బోయిన తోఁబుట్టువు మాత్రము వేఱొక త్రోవఁ బట్టినది.

ఇంగ్లీషులోనే దీనికి జ్ఞాతులు పెక్కుమంది కలరు. వెరిఫై యనఁగా నిజమో కాదో సరిచూచుట. వెరాసిటీ యనఁగా సత్యసంధత. వర్డిక్టు అనఁగా, ముక్కకు ముక్కగా, ‘సత్యముగాఁ జెప్పఁబడినది’. ప్రమాణము చేసిన పెద్దలు న్యాయాధిపతి యెదుటఁ జెప్పు మాట గనుక నా పేరు. సాక్షిని ప్రధాన విచారణకు ముందు పరీక్షించు తంతునకు న్యాయవాదులు నేఁటికిని వ్వార్ డీర్ అను ఫ్రెంచి పేరు వాడుదురు. నేఁటి ఫ్రెంచిలో వ్వార్ అనఁగాఁ జూచుట. కాఁబట్టి దీనిని ‘చూచి చెప్పుట’ యని కొందఱు వ్యాఖ్యానింతురు. అది పొరపాటు. ఇందలి వ్వార్ వేరుస్ సంతానమే. ‘సత్యము చెప్పుట’ యనియే యర్థము. ఈ జ్ఞాతులందఱును న్యాయస్థానములలోను శాస్త్రగ్రంథములలోను మర్యాదగా బ్రదుకుచున్నారు. వెరీ యొక్కటియే అంగడివీథిలోఁ దిరుగుచున్నది.

దూరపు చుట్టములు కూడఁ గలరు. జర్మనులో సత్యమైనదానికి వార్ అని పేరు. రష్యనులో వేరా యనఁగా విశ్వాసము. ఆఁడుపిల్లలకు ఆ పేరు పెట్టుకొందురు. ఫ్రెంచివారు రాకమునుపటి ప్రాచీన యాంగ్లమున నీ మూలమునకే చెందిన వేర్ అను మాట యుండెను. ఒడంబడిక, ఇచ్చిన మాట యని దాని యర్థము. అబద్ధమాడువాఁడను నర్థము గల లోగా యను పదము దానికిఁ జేరి వేర్‌లోగా యనఁగా ఇచ్చిన మాటను దప్పినవాఁడయ్యెను. ఆ పేరుతో ద్రోహిని బిలిచిరి, సైతానును బిలిచిరి. తుదకు అదియే వార్‌లాక్ అయి మంత్రగాఁడను నర్థమునఁ దేలినది. మంత్రగాఁడను నేఁటి మాటలో మాట తప్పినవాఁడు దాఁగియున్నాఁడని యా భాష మాటలాడువారిలో నెందఱికిఁ దెలియును?

ఇఁక వెరీ యింగ్లండునకు వచ్చిన తీరు. 1066లో నార్మండీ ప్రభువైన విలియము ఆ దేశమును జయించెను. ఆ తరువాతఁ జాలకాలము ప్రభువుల యిండ్లలో, న్యాయస్థానములలో, ధర్మాసనముల చెంత ఫ్రెంచి రాజ్యమేలినది. మన న్యాయస్థానములకుఁ బారసీకము వెంట వకీలు, ఫిర్యాదు, దస్తావేజు వచ్చి పల్లెకాఁపు నోట సైతము స్థిరపడినట్లే, ఇంగ్లీషులో ఫ్రెంచిమాటలు వేలకొలఁదిగా స్థిరపడినవి. పదమూఁడవ శతాబ్దమున నీ వెరాయి వారి వ్రాఁతలలోఁ గనఁబడఁజొచ్చెను. అప్పు డది శుద్ధమైన విశేషణము. నామమునకు ముందు నిలిచి, ఆ వస్తువు మాయ కాదు, నకలు కాదు, సాక్షాత్తుగా నదియే యని చెప్పుట దాని పని. ఇంగ్లండు క్రైస్తవసంఘమువారు 1549లో దేశభాషలో ముద్రించిన ప్రార్థనగ్రంథమునందలి విశ్వాసప్రమాణములో, క్రీస్తును గూర్చి చెప్పుచు దేవుఁడను పదమునకు ముందు ఈ వెరీని నిలిపిరి. ‘చాలా దేవుఁడు’ అని దాని యర్థము కాదు గదా! సత్యమైన దేవుఁడని.

విశేషణము క్రియావిశేషణముగా నెట్లు మాఱినదో చూపుటకుఁ దెలుఁగువాక్య మొకటి చాలును. ‘నిజమైన గొప్ప పండితుఁడు’ అని యొకఁ డన్నాఁ డనుకొనుఁడు. విశేష్య మొకటి, విశేషణములు రెండు. నిజమైన యనునది యెవరి సొత్తు? పండితునకు అన్వయించినచో, వీఁడు కపటపండితుఁడు కాఁడు, నిజమైనవాఁడు, గొప్పవాఁడును అని తేలును. గొప్ప యనుదానికి అన్వయించినచో, వీఁడు నిజముగా గొప్పవాఁడని తేలును. మనకు ఐన యనియు గా యనియు రెండు ప్రత్యయము లుండుటవలన వక్త తన యుద్దేశమును దెలుపఁగలఁడు. నాఁటి యాంగ్లమున వెరాయికి ఆ సాధనము నియతముగా లేదు. ఒకే రూపము రెండు పనులును జేసెను. వక్త నామమునకుఁ గట్టిన ముడిని శ్రోత విప్పి ప్రక్కనున్న విశేషణమునకుఁ గట్టెను. ముడి మాఱినది, అర్థము జాఱినది.

ఈ సందిగ్ధము చాసరు కవితలో నున్నది. పదునాల్గవ శతాబ్దపుఁ జివర నాయన రచించిన కాంటర్‌బరీ కథల యవతారికలో యాత్రికులలో మొదటివాఁడు ఒక యోధుఁడు. వానిని వర్ణించుచుఁ జాసరు పరిపూర్ణుఁడు, ఉదాత్తుఁడు అను విశేషణములకు ముందు ఈ వెరాయి శబ్దమును బెట్టెను. నేఁటి పాఠకుఁడు దానిని నేఁటి చెవితో విని ‘మిక్కిలి పరిపూర్ణుఁడైన’ యని చదివి సాగిపోవును. అట్లు చదువుట కవికి అన్యాయము చేయుట యని నా యభిప్రాయము. ఆ యోధుఁడు సత్యమును బ్రేమించువాఁడని కవి యంతకు ముందే చెప్పియున్నాఁడు. వాఁడు సత్యమైన యోధుఁడు, పరిపూర్ణుఁడు, ఉదాత్తుఁడు. కవి మూఁడు కిరీటములు పెట్టఁగా మనము ఒకదానిని దీసి రెండవదానికి సానపట్టు రాయిగాఁ జేసికొంటిమి.

అన్వయము మాఱిన మాట సరియే. కాని ‘నిజముగా మంచి’ యనునది ‘చాలా మంచి’ యెందుకు కావలయును? ఇందులో లోకస్వభావ మున్నది. ఎదుటివాఁడు నమ్మఁడను శంక యున్నప్పుడే మనము ‘నిజముగా’ యని నొక్కి చెప్పుదుము. శంక పుట్టునది పెద్ద మాట చెప్పినప్పుడే. ‘నిజముగా ఏదో కొంచెము బాగున్నది’ అని యొట్టు పెట్టువాని నెవ్వరును జూచి యుండరు. కాఁబట్టి నిజమను మాట యెప్పుడును పెద్ద మాటల ప్రక్కనే నిలుచుచుండును. నిలిచి నిలిచి, వాని పెద్దతనమును దాను గ్రహించి, తన నిజమును బోఁగొట్టుకొనును. పదునేనవ శతాబ్దము గడచునప్పటికి వెరీకి ‘మిక్కిలి’ యను నర్థము స్థిరపడినది.

స్థిరపడినది గాని, మర్యాద దక్కుటకు ఇంకను గొంతకాలము పట్టినట్లున్నది. షేక్‌స్పియరు రచించిన రోమియో జూలియటు నాటకము 1597లో మొదట ముద్రితమైనది. అందు మెర్కూషియో యను హాస్యగాఁడు క్రొత్త పోకడల యువకులను వెక్కిరించుచు వారి నోటికి ఈ వెరీని దగిలించును. వారికిఁ గత్తి కనఁబడిన వెరీ, మనుష్యుఁడు కనఁబడిన వెరీ. మూఁడవ యుదాహరణము కూడ నొకటి కలదు గాని అది రేడియోలోఁ జెప్పఁదగినది కాదు. నేఁడు మన తాతలు మనుమల మాటలను విని విసుగుకొనునట్లే, నాఁ డొక సరసుఁడు వెరీని విని విసుగుకొన్నాఁడు. మన మెంతో పాఁతదనుకొను మాట యొకనాఁటి షోకు.

అటుపిమ్మటఁ బదునాలుగేండ్లకు, 1611లో, జేమ్సు రాజు కాలపు ఆంగ్ల బైబిలు వెలువడినది. అందు ఆదికాండ మను మొదటి గ్రంథముననే వెరీ యొక్క రెండు జన్మములును గనఁబడును. మొదటి యధ్యాయమున సృష్టికర్త తాను జేసినదానిని జూచి బాగున్నదని తలఁచినట్లు ఆఱు మాఱులు గుడ్ అను మాట వచ్చును. ఆఱవ దినమున, సమస్తమును ముగిసిన పిమ్మట, ఏడవమాఱు మాత్రము వెరీ గుడ్ అని యున్నది. మన పిల్లల పలకల మీఁది మాట యిదియే. మూలమైన హెబ్రూలో దానికి మెయోద్ అను మాట గలదు. బలము, శక్తి యని దాని నామార్థము.

అదే గ్రంథమున నిరువదియేడవ యధ్యాయము చూడుఁడు. ఇస్సాకు వృద్ధుఁడు, చూపు పోయినవాఁడు. పెద్దకొడుకు ఏశావునకు ఆశీర్వాద మియ్య నిశ్చయించెను. చిన్నవాఁడు యాకోబు, తల్లి బోధించినట్లు, మేఁకపిల్లల తోళ్లు చేతులకుఁ జుట్టుకొని, అన్న బట్టలు కట్టుకొని తండ్రి యెదుట నిలిచెను. ముసలివానికి శంక కలిగినది. చేతులు పెద్దవానివలె రోమములతో నున్నవి, గొంతు చిన్నవానిది. దగ్గఱకు రమ్మనెను, నీవు నా కుమారుఁడైన ఏశావువో కావో తడవి చూచెద ననెను. ఇక్కడఁ గుమారుఁ డను పదమునకు ముందు ఆంగ్లానువాదకులు వెరీని నిలిపిరి. ఇది వట్టి వెరీ కాదు. గ్రుడ్డితండ్రి చేయి చాఁచి వెదకుచున్నది ఆ సత్యమునే. అది యక్కడ లేదు. కథయంతయు నా యొక్క మాట మీఁద నిలిచియున్నది. దీనిని ‘చాలా’ యని చదివినవానికిఁ గథ పోయినట్లే.

ఇచ్చట నాకొక సంస్కృతపదము జ్ఞప్తికి వచ్చుచున్నది. నిజ శబ్దమునకు సంస్కృతమునఁ దనదైన, స్వకీయమైన యని యర్థము. నిజభార్య యనఁగాఁ దన భార్య. నిజపుత్రుఁ డనఁగాఁ దన కుమారుఁడు. తెలుఁగులోనికి వచ్చి నిజము సత్య మైనది. కావ్యము చెప్పునప్పుడు ‘నిజభార్యతో’ ననఁగానే, ‘అయ్యా, అబద్ధపు భార్య యెవరు?’ అని యడిగిన కుఱ్ఱవాఁడు ప్రతి తరగతిలోను నుండెను. ఇస్సాకు అడిగిన కుమారుఁడు రెండర్థములలోను నిజపుత్రుఁడే. మనకుఁ దనదైనది సత్య మైనది. వారికి సత్యమైనది చాలా యైనది.

వెరీ రాకమునుపు ఇంగ్లీషువారు చాలా యనుట యెట్లు? ప్రాచీనాంగ్లమున స్వీథె యను మాట యుండెను. బలముగా నని దాని మొదటి యర్థము. అది కొన్ని శతాబ్దములు చెలామణి యయి, పిమ్మట ‘వేగముగా’ నను నర్థమునకు జాఱి, తుదకు మఱుఁగుపడినది. వెల్, ఫుల్, రైట్ అనునవి యొకదాని వెనుక నొకటి యా పీఠము నెక్కి దిగినవి. రైట్ జాడ మనవారికిఁ దెలిసినదే. 1921లో ప్రీవీ కౌన్సిలులోఁ జేరిన శ్రీనివాసశాస్త్రిగారిని రైట్ ఆనరబుల్ శాస్త్రిగారని దేశ మంతయుఁ బిలిచెను. అందలి రైట్‌నకు ‘సరియైన’ యని కాదు, ‘మిక్కిలి’ యనియే యర్థము. ఇంగ్లండు మతాధికారుల బిరుదములలో నింకొక వింత గలదు. ప్రధాన దేవాలయపు డీనునకు వెరీ రెవరెండు. అతనికిఁ బైవాఁడైన బిషపునకు రైట్ రెవరెండు. వాడుకలో నోడిపోయిన ముసలిమాట బిరుదములో మాత్రము వెరీకిఁ బైమెట్టున నిలిచినది.

సోర్ అను మాటను గూడఁ జెప్పవలయును. దాని కర్థము నొప్పి. నొప్పి పుట్టునంతగా భయపడె ననుట నుండి మిక్కిలి భయపడె ననుటకు వచ్చిరి. జర్మనులో దీని సోదరమే నేఁడు చాలా యను నర్థము గల జేర్. జర్మనువాఁడు హాయిగా భోజనము చేసి ‘జేర్’ రుచి యనునప్పుడు, అక్షరములను బట్టి చూచినచో ‘బాధగా’ రుచి యన్నట్లే. ఫ్రెంచివారి త్రే లాటినులోని త్రాన్స్ నుండి వచ్చినది. అవతలికి, దాఁటి యని యర్థము. మన అతి యుపసర్గ చేయు పని యిదియే. అతివేల మనఁగా వేలను, అనఁగా సముద్రపుటొడ్డును దాఁటినది. అతిమాత్ర మనఁగాఁ గొలతను దాఁటినది. మన చాల చాలు ధాతువు నుండి పుట్టినది. సరిపోవునంత యని మొదటి భావము. మిక్కిలి మిగులుటతోఁ జుట్టఱికము గలది.

వీనిలో నాకు మన చాల మీఁద గౌరవ మెక్కువ. పక్షపాత మనుకొన్నను సరియే. చాల యనువాఁడు కొలత చెప్పుచున్నాఁడు. కొలత తప్పినచో సరిదిద్దవచ్చును. వెరీ యన్నవాఁడు తొలుదొలుత ఒట్టు పెట్టుచుండెను. కొలతపాత్ర ఎంత వాడినను గొలతపాత్రయే. ఒట్టు అట్లు కాదు. అది వాడినకొలఁది అఱుగును.

నలువదేండ్లకు దగ్గఱగా నేను ఎఱ్ఱసిరాతో వ్రాసిన మాటలలో వెరీ గుడ్ అనునదియే యెక్కువ యైయుండును. ఒకప్పుడు పైయధికారి యొకఁడు పరీక్షాపత్రములను జూచి, అందఱికిని వెరీ గుడ్ అని వ్రాసినచోఁ దలిదండ్రులు సంతోషింతురు గదా, గుడ్ అని కొందఱికి వ్రాయుట యెందుకని మందలించెను. నేను అంగీకరింపలేదు. గుడ్ అని వ్రాసిన కాగితమును దీసికొని, వెరీ యెందుకు రాలేదని యడుగుటకు నా బల్ల యొద్దకు వచ్చిన పిల్లవాఁడు లెక్కలో దాఁటవేసిన మెట్టును దానే కనుఁగొనెడివాఁడు. అందఱికిని వెరీ గుడ్ వచ్చిన నాఁడు ఎవ్వఁడును బల్ల యొద్దకు రాఁడు. సృష్టికర్తయే యేడింట నొక్కమాఱు మాత్ర మన్న మాటను దినమునకు నలువదిమాఱు లనుటకు మన మెంతవారము?

వెరీ యఱిగిపోఁగా ఇంగ్లీషువారు దాని స్థానమునకు మఱల సత్యమునే పిలిచిరి. రియల్లీ యనఁగా వాస్తవముగా. వస్తువను నర్థము గల లాటిను రేస్ శబ్దము దానికి మూలము. ట్రూలీ యనఁగా సత్యముగా. వీనికిఁ దోడు భయమును గూడఁ బిలిచిరి. ఆఫుల్లీ, టెరిబ్లీ యనునవి తొలుత భయభక్తులకు, భీతికి సంబంధించినవి. పందొమ్మిదవ శతాబ్దమునకు ‘ఆఫుల్లీ’ మంచివాఁడనుట చెల్లిపోయినది. ప్రిటీ యను మాటకు మొదటఁ గపటి, జిత్తులమారి యని యర్థము. అది చక్కనిదై, పిమ్మట ‘బాగుగానే’ యైనది. 2003లో ఇటో, టాగ్లియమోంటే యను నిద్దఱు భాషాశాస్త్రజ్ఞులు ఇంగ్లండులోని యార్కు నగరవాసుల సంభాషణములను బరిశీలించి ప్రకటించిన వ్యాసములో, పెద్దవారి నోట వెరీ యెక్కువగా నున్నదనియుఁ, బిన్నవారి నోట రియల్లీ పైకి వచ్చుచున్నదనియుఁ దేల్చిరి. వెరీ యేలుబడి కొన్ని శతాబ్దములు సాగినది గనుక దానికి వార్ధకము వచ్చుట వింత కాదు. రియల్లీ కూడ నదే దారిఁ బోవుచున్నది. ఇప్పుడే యొక్కొక్కఁడు ‘రియల్లీ, రియల్లీ’ యని రెండుమాఱు లనుట వినుచున్నాము. ఒక్క ఒట్టు చాలనివానికే రెండవ ఒట్టు కావలయును.

వెరీ నుండి పుట్టిన వెరిలీ మాత్రము సత్యమును విడువలేదు. యోహాను సువార్తలో క్రీస్తు మాటలకు ముందు రెండుమాఱులు వచ్చు ఆమేన్ శబ్దమును 1611 నాఁటి యనువాదకులు వెరిలీ యని రెండుమాఱులు ఆంగ్లీకరించిరి. మన తెలుఁగు బైబిలులో నా తావున నిశ్చయముగా నను మాట గలదు. అయితే వెరిలీ దేవాలయములోనే యుండిపోయినది; సంతకు వచ్చుట మానినది. అందుచేతనే యఱుగలేదు.

వెరీ యొక్క పాఁత ప్రాణము వాడుకలో నింక నొక్కచో మిగిలినది. నామమునకు ముందు నేరుగా నిలిచినప్పుడు అది మఱల విశేషణమై, తన మొదటి పనిని జేయును. ‘ది వెరీ మాన్’ అను దానిని ‘ఆ చాలా మనిషి’ యని తెనిఁగించిన విద్యార్థులు ఏఁటేఁట నాకు దొరకుచుండిరి. నిఘంటువులోని మొదటి యర్థమును జూచి యాగినవారు వారు. చాలా కాదు, మిక్కిలి కాదు. ‘ది వెరీ మాన్’ అనఁగా ఆ మనుష్యుఁడే. ‘దిస్ వెరీ డే’ యనఁగా ఈ దినముననే. ‘ఇన్ దిస్ వెరీ హౌస్’ అనఁగా ఈ యింటనే. మన భాషలో మాట చివరఁ జేరు అవధారణార్థకమైన ఏకారము, ఒక్క యచ్చు, ఆ పని యంతయుఁ జేయును. నీవు నా కుమారుఁడవేనా యని ముసలి ఇస్సాకు తెలుఁగులో నడిగియున్నచో వెరీ యంతయు నా ‘ఏ’లో నుండెడిది.